నీ సన్నాయి, ఎండిన నోరు

మావయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బీయెడ్ ఎంట్రన్స్ రాయడానికి కాకినాడ వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, రామచంద్రపురంలో బస్సు దిగిపోయి, నీ సన్నాయితో పెళ్ళి మేళంలో కూర్చున్నాను. డోలు వాయించేవాడికి జ్వరమట. అతని బదులు నాన్న వచ్చాడు.

"నిన్ను మేష్టార్ని చేద్దామనుకున్నాన్రా," అన్నాడు. అంతే.

సన్నాయి కొసన పెట్టే పీక నోట్లో బాగా నానితేనే పలుకుతుందని నువ్వే నేర్పావు. భయానికి నా నోట్లో తడే లేదు. పంతులుగారు "మేళం, మేళం!" అని తొందరపెట్టారు.

"ఆయ్, ఇదిగోనండీ," అంటూ నాన్న తన మంచినీళ్ళ చెంబు నావైపు జరిపాడు. నా మొహం మాత్రం చూడలేదు.

వాయించాను మావయ్యా. బాగానే పలికింది.

ఇప్పుడు నాన్న డోలుకి గుడ్డ చుడుతున్నాడు. ఇంటికి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాలి.