వాణ్ని నిద్రపోనివ్వండి

అత్తమ్మకు వందనాలు.

ఆ రోజు తబితా నొప్పులకు తాళలేక, నొప్పి తగ్గే సూది అడిగింది. ఇచ్చిన కాసేపటికే బాబు పుట్టాడు. ఏడవలేదు. నర్సు అరికాళ్ల మీద కొట్టి, మాస్కుతో గాలి పట్టింది. వాడు ఏడ్చాక తబితా నవ్వింది. ఆ తర్వాత రక్తస్రావం ఆగలేదు.

"సూది మత్తు బిడ్డకు గూడ ఎక్కింది, దిగిపోతది" అని డాక్టరమ్మ అన్నారు. మర్నాడు మళ్లీ చూసి, పూర్తిగా దిగిందన్నారు. తబితాను తీసుకుపోయింది ఆ సూది కాదు.

ఇక్కడ మధిరలో తబితా మూడో రోజు ప్రార్థన అయింది. మీరు బాబును తీసుకెళ్లిన మణుగూరు నుంచి జయరాజ్ వచ్చాడు. "బావా, అమ్మ వాణ్ని పండనిస్తలేదు. కునుకు పడితే చాలు, ఊపిరాగిందని అరికాళ్ల మీద కొడుతుంది. పాలు తాగే ఓపిక గూడ లేదు వానికి" అన్నాడు.

ఫోన్‌లో మీ గొంతు వినగానే పెట్టేశాను. అందుకే ఇది జయరాజ్ చేత పంపుతున్నాను. ఈ రాత్రి వాణ్ని నిద్రపోనివ్వండి. పాలకు మాత్రం లేపండి.

రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తాను. వాణ్ని డాక్టరమ్మకు చూపించి తెచ్చి, పక్కన కూర్చుని ఊపిరి నేను చూస్తుంటాను. మీరు పడుకుందురు గాని.

మీ అల్లుడు