పప్పు మీద వచ్చిన వడ్డీ

నారాయణఖేడ్,
24 జూలై 1988.

మా లింగమ్మ అక్కకు చెల్లెలు అమృతమ్మ చేతులెత్తి మొక్కి రాసే సంగతులు. బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. ఇక్కడ మా అత్త కాశమ్మ, పిల్లలు, నేను, నీ మరిది అందరం బాగున్నాం. వారం నుంచి ఒకటే ముసురు. కందులు ఎండబెట్టే వీలు లేక ఇసుర్రాయికి సెలవు దొరికింది, దానితోపాటు నాకూ దొరికింది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. హుమ్నాబాదులో మీకూ వానలు మంచిగ పడుతున్నాయని అనుకుంటున్నాను.

నీ మరిదికీ నాకూ మాటల్లేవని మా అత్త నీకు కబురు పంపిందట కదా. పరేషాన్ కాకు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం, కొంచెం ఎక్కువే మాట్లాడుకుంటున్నాం. గొడవ ఎందుకొచ్చిందో ఇంకెవరి నోటనో వినేకంటే నా నోట విను.

నా పేరు మీద బ్యాంకులో కొంత సొమ్మున్నది నీకు తెలుసు. నీ మరిది కల్హేర్ బడికి హెడ్మాస్టరు అయినప్పటి నుంచి జీతం పెరిగి, ఏడాదికోసారి ఇన్‌కంటాక్సు వాళ్ళకు లెక్క చెప్పుకోవాల్సి వస్తున్నది. ఆ కాయితాలు రాసే సంగారెడ్డి వకీలు ఈసారి, ఇంట్ల ఇంకెవరి పేరు మీదన్న బ్యాంకు మిత్తి వస్తుందా పంతులూ, అని అడిగాడట. ఈయన దాచే మనిషా? నా ఖాతా సంగతి చెప్పేశాడు. మొగుడిచ్చిన పైసలు పెండ్లాం పేరు మీద వేస్తే ఆ వడ్డీ మొగుని లెక్కలోనే కలుస్తుందట. అదే ఆమె సొంతంగా సంపాదించుకున్నదైతే మొగునికి సంబంధం లేదట. వకీలు కన్ను గీటి, మా ఇంటామె సంపాయించిందని ఒక కాయితం రాయించి దస్కతు పెట్టియ్యరాదు, అందరు గట్లనే రాస్తరు, అన్నాడట.

దానికి నీ మరిది, నేను అబద్ధం రాయను, అని లేచి వచ్చాడట!

ఆ ముచ్చట ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడక్కా. నేను పప్పు చెరుగుతున్నాను. చాట అక్కడే పెట్టి, అబద్ధమేంది, అన్నాను. మరేంది, నెలనెలా జీతం తెచ్చి నీ చేతిల పెడుతున్న, అండ్ల మిగిలిందే గదా బ్యాంకుల ఏస్తున్నవ్, అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

నాగల్‌గిద్ద రైతుల దగ్గర కందులు బేరం చేసేది నేను. నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, ఎండబోసి, విసిరి, చెరిగి, హోటళ్ళకు మోసుకుపోయేది నేను. పెద్దోడు కడుపులో ఉన్నప్పటి నుంచి నడుస్తున్న పని ఇది. ఈయన రోజూ ఆ చప్పుడు వింటూనే పేపరు చదివాడు. మా అమృతమ్మ ఊరికే కూసోదు అని నలుగురిలో మురిసిపోయేవాడు కూడా. నేను చేసేది ఈయనకు కాలక్షేపం అన్నట్టే కదా! వకీలు అబద్ధమనుకుని చెప్పింది నిజం, ఈయన నిజమనుకున్నది అబద్ధం. ఇద్దరికీ నా రెక్కల కష్టం కనిపించలేదు. నాకు ఆ వడ్డీ ఎవరి లెక్కలో కలిసిందని కాదక్కా బాధ, కట్టుకున్నోడే నమ్మలేదని.

సరే, ఈ నెల జీతం నీ దగ్గరనే పెట్టుకో, ఇల్లు నువ్వే నడుపు, నా పప్పు పైసలు నడుమ రావు, అన్నాను. అండ్లేముంది, అన్నాడు. ఆనాటి నుంచి మాటల్లేవు.

మొదట దర్జాగా నడిపాడు. పిల్లలకు జిలేబీ, తనకొక కొత్త ఛత్రి. తర్వాత బడి పుస్తకాలొచ్చాయి, మా అత్త మోకాళ్ళ మందులొచ్చాయి, కంగ్టిలో వాళ్ళ చిన్నాయన బిడ్డ పెళ్ళి వచ్చింది. బడి దగ్గర చాయ్ మానేశాడని తర్వాత తెలిసింది. మా అత్త ఊరుకుంటుందా, నా కొడుక్కు సదువొచ్చింది గని సంసారం రాలే, అని వాకిట్లో కూర్చుని నవ్వేది.

నెల సగం కాకముందే ఒక పొద్దున నేను విసురుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నా చేతిలోంచి పిడి తీసుకుని తిప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికే అరచెయ్యి పొక్కింది. దాన్ని చూసుకుంటూ, దీపంల గ్యాసునూనెకు పైసలున్నయా, అని మెల్లగా అడిగాడు. ఎవరి పైసలు, అన్నాను. తల వంచుకుని, నీయే, అన్నాడు.

అంతేనక్కా, నా కోపం సగం ఆడనే కరిగిపోయింది. మిగతా సగం సంగారెడ్డిలో పోయింది. మొన్న నన్ను కూడా వెంట తీసుకుపోయాడు. ఆమె సొంత సంపాదనే అని ఈయన చెబితే, ఇప్పుడు దారికొచ్చినవ్ పంతులూ, అని వకీలు నవ్వాడు. నీ మరిదికి ఎక్కడలేని కోపం వచ్చింది. ఉపాయం కాదయ్యా, నిజం, గీమె పప్పు అమ్మి సంపాయించింది, గీమె చెయ్యి చూడు ఎట్ల కాయలు కాసిందో, అని అరిచాడు. అక్కడ కూర్చున్న అంతమందిలో నా చెయ్యి చూపించాడని సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లోపల ఎంత సంతోషమో! కాయితం మీద పప్పు వ్యాపారం అని రాయించి, కింద నాతో దస్కతు పెట్టించాడు.

దసరాకు నువ్వు, బావ తప్పక రావాలి. పోయేటప్పుడు పప్పు కట్టిస్తాను. బావ నడుము నొప్పి ఎట్లున్నదో జల్దీ రాయి.

నీ ముద్దుల చెల్లెలు,
అమృతమ్మ

తా.క.: నా దస్కతుతో టాక్సు తప్పిందని వాడకట్టంతా చెప్పుకున్నాను. నీ దగ్గర దాచలేను, తప్పిందేమీ లేదు. బ్యాంకు వడ్డీకి సర్కారు కొంత మాఫీ ఇస్తుందట, వకీలు చివరికి కూడి చూస్తే మాది అందులోనే ఇమిడిపోయింది. ఎవరి పేరున రాసినా ఒక్క పైస పన్ను లేదు. ఇగ గీ కాయితంతోటి పనిలేదు పంతులూ, అని వకీలు చింపబోతే ఈయన చెయ్యి పట్టుకున్నాడు. టాక్సుకు పనికిరాకుంటే రాకపాయె, ఆమె సంపాయించింది నిజమే గదా, ఆ కాయితాలకు జోడియ్యి, అన్నాడు. అందుకు వకీలు ఇంకో పది రూపాయలడిగితే జేబులోంచి తీసి ఇచ్చాడు. బస్సులో నాకు ఏడుపు ఆగలేదక్కా. కడుపునొస్తుందా, అని అడిగాడు. ఏం మనిషో!