ఖర్బూజా వాసన

అన్నయ్యా,

సెలవులకు పాపను మా ఇంటికి పంపొద్దు. వదినకు ఏదో ఒకటి సర్దిచెప్పు. అసలు కారణం నీకొక్కడికే రాస్తున్నాను.

ఆ జ్వరం తగ్గినప్పటి నుంచి మీ బావగారికి వాసన తెలియడం లేదు. నాతో కూడా ఆ మాట అనలేదు. ఖర్బూజా తొడిమ దగ్గర వాసన చూసి, "ఇది ఇవాళే కోయండి, అది రేపటిదాకా ఆగాలి" అని చెప్పే మనిషి కదా! జనం మా కొట్టుకొచ్చేదే ఆ ముక్కును నమ్మి. ఇప్పటికీ పండును ముక్కుకు ఆనించి తల ఊపుతారు. అందుకే గడ్డిలో మగ్గబెట్టినవన్నీ నేను ముందే వాసన చూసి, పండినవి కుడివైపు బుట్టలో పెడుతున్నాను. ఆయనా కుడివైపువే తీస్తున్నారు. ఇద్దరం ఏమీ ఎరగనట్టే నెట్టుకొస్తున్నాం.

నిన్న నేను ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే గ్యాసు గుప్పుమంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినట్టుంది. ఆయన వంటింట్లోనే ఉన్నారు. ఒక చేతిలో ఖర్బూజా, ఇంకో చేతిలో అగ్గిపెట్టె. నేను ముక్కు ఎగబీల్చడం చూసి నవ్వారు.

"ఏమే, గుమ్మం దాకా వచ్చిందా వాసన? బాగా మగ్గింది!"

అది పచ్చికాయ, అన్నయ్యా.

అగ్గిపెట్టె లాక్కుని, గ్యాసు కట్టేసి, కిటికీలన్నీ తెరిచాక, "అవునండీ, బాగా మగ్గింది" అన్నాను.

నీ చెల్లెలు