డ్రమ్ముతో పాటు ఇల్లు

ఆకెన్, జర్మనీ

అన్నయ్యకు వందనాలు.

మాకు ఇల్లు దొరికింది! ఇక్కడి నుంచి సైకిల్ మీద అరగంట వెళ్లి సరిహద్దు దాటితే వచ్చే చిన్న డచ్చి పల్లెలో. ఇల్లు అమ్మే హ్యూబ్ తాత ఆ ఊరి బ్యాండులో నలభై ఏళ్లు పెద్ద డ్రమ్ము వాయించాడు. ఇప్పుడు కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. మాతోపాటు ఇంకో ఇద్దరు ఆ ఇల్లు అడిగారు. "ఇల్లు ఎవరు కొంటే డ్రమ్ము వాళ్లే వాయించాలి" అన్నాడు తాత. మీ బావ వెంటనే, "నేను వాయిస్తానండీ" అనేశారు. చర్చిలో చప్పట్లు కూడా తప్పు కొట్టే మనిషి!

ఆదివారం బ్యాండు వాళ్లు పరీక్ష పెట్టారు. ఆయన నాలుగు దెబ్బలు వేసేసరికి బాకాలు ఊదేవాళ్లు నవ్వాపుకోలేక ఊదడం మానేశారు. తాత ముఖం వాడిపోయింది. ఇల్లు చేజారిపోతోందని నేనే ఆయన చేతిలోని డ్రమ్ము కర్ర లాక్కున్నాను. క్రిస్మస్ పాటలకు నువ్వు నేర్పిన డోలక్ దరువు వేశాను. తాత కాలితో తాళం వేస్తూ, "ఇల్లు నీదేనమ్మా" అన్నాడు.

వచ్చే నెల ఊరేగింపు ఉంది. డ్రమ్మును పొట్టకు ఆనించుకుని ఊరంతా నడవాలట. అక్కడ ఇప్పటికే ఒకరున్నారని వాళ్లకింకా చెప్పలేదు. మన ఇంట్లో కూడా నీకే మొదట చెబుతున్నాను. అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు.

నీ చెల్లి