వెనక లైట్లు దొరకడం లేదు

జూన్ 4

కొన్నారు. చెప్పా పెట్టకుండా కొన్నారు మా ఆయన. కళ్లజోళ్ల షాపులో ఊరందరి చూపూ పరీక్షించే యాభై రెండేళ్ల మనిషి, రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు తెచ్చి షెడ్డులో పెట్టారు. అదీ సెకండ్ హ్యాండ్‌ది. అమ్మాయికి ఫోన్ చేసి చెబితే పడీ పడీ నవ్వింది. నాన్నకి కుర్రతనం ఇప్పుడొచ్చిందా అంది. నాకు నవ్వు రాలేదు.

జూన్ 6

నన్ను ఎక్కించుకుని ఒక రౌండు తిప్పారు. నూట నలభై. మీటరు నా కళ్లతో నేనే చూశాను. మలుపులో కూడా స్పీడు తగ్గించలేదు. నేను కెవ్వుమంటుంటే సరదా పడుతున్నాననుకున్నారట! ఇంటికొచ్చి బాత్రూంలో వాంతి చేసుకున్నాను.

ఈ మనిషి ఆ కారులోనే పోతారు. రాయకూడని మాట. రాసేశాను.

జూన్ 15

కారు వేషం మారుస్తారట. ఒంటికి కొత్త రంగు, వెనక లైట్ల లోపల కొత్త ఎల్ఈడీలు, పైన నల్లటి పొగ రంగు. లైట్లు విప్పితే గానీ రంగు అంచుల్లోకి సరిగ్గా పడదట. పెయింటర్ వచ్చి సాయం పట్టాడు. ముందు బంపరు దించితే గానీ హెడ్‌లైట్లు ఊడి రాలేదు. వెనకవి మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు ఈయన. డిక్కీలో కార్పెట్ పక్కకి లాగి, స్పానర్‌తో నట్లు తిప్పి, వైరు ప్లగ్గు ఊడదీసి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో బయటికి తీశారు. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. కంపెనీ వాళ్లు వీటిని చేయడం ఎప్పుడో మానేశారట, పగిలితే మళ్లీ దొరకవట. అమ్మాయి పుట్టినప్పుడు కూడా ఇంత జాగ్రత్త చూడలేదు నేను.

ఇప్పుడు కారుకి ముందు రెండు బొక్కలు, వెనక రెండు బొక్కలు. లైట్లు లేకుండా రోడ్డు ఎక్కించకూడదని ఆయనే అన్నారు. ఎంత చల్లటి మాట! పదకొండు రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

జూన్ 23

రంగు అయిపోయింది. హెడ్‌లైట్లు బిగించేశారు. వెనకవి ఆదివారం బిగిస్తారట. మళ్లీ నిద్ర లేదు.

జూన్ 24, ఉదయం 11:20

ఆయన అటు షాపుకి వెళ్లగానే నేను ఇటు షెడ్డులోకి వెళ్లాను. రెండు లైట్లూ తువ్వాలులో చుట్టి తెచ్చి దుప్పట్ల పెట్టెలో అడుగున పెట్టేశాను. అవి లేకపోతే కారు కదలదు. కారు కదలకపోతే మనిషి ఉంటారు. అంతే నా లెక్క.

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన ఫోన్ కూడా తెరిచి చూడని దాన్ని.

జూన్ 25

ఇల్లంతా తలకిందులు చేశారు. నన్ను అడిగితే, మీ సామాను సంగతి నాకేం తెలుసని ఎదురు విసుక్కున్నాను. ఇంత చక్కగా అబద్ధం ఆడతానని నాకే తెలీదు.

జూన్ 27

పెయింటర్ మీద పడ్డారు. నువ్వే ఎవరికో అమ్ముకున్నావని మొహం మీదే అనేశారు. పాపం, గేటు దగ్గర నిలబడి అతను ఒకటే చెప్పాడు, ఇన్నేళ్లలో ఒక్క స్క్రూ కూడా తన చేతుల్లో పోలేదని. వెళ్తూ వెళ్తూ, అక్కా, నువ్వైనా చెప్పు అన్నాడు. పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఛీ. నాదీ ఒక బతుకేనా.

జూలై 2

కారు కదల్లేదు. అది చాలు.

జూలై 5, ఉదయం 8:15

ఊరి చివర పాత కార్లు విప్పి అమ్మే యార్డులో అలాంటి జత ఉందని ఎవరో చెప్పారట. సరిపోతాయో లేదో పెట్టి చూడాలని కారునే తీసుకెళ్తానన్నారు. వెనక లైట్లు లేవుగా అన్నాను. పట్టపగలు లైట్లతో ఏం పని, చీకటి పడేలోపు వచ్చేస్తానన్నారు. మీరు బ్రేకు తొక్కితే వెనకవాడికి ఎలా తెలుస్తుందన్నాను. అబ్బో, మా ఆవిడకి కార్ల గురించి ఇంత తెలుసా అని ఆటపట్టించారు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. పెయింటర్ని తిట్టినప్పటి ఆయన మొహం గుర్తొచ్చింది. మూసుకున్నాను. వెళ్లిపోయారు.

సాయంత్రం 4:50

రాలేదు. అక్కడ జత దొరకలేదట, ఇంకో యార్డుకి వెళ్తున్నానని మధ్యాహ్నం ఫోన్ చేశారు. మబ్బు కమ్ముకొస్తోంది.

5:35

వాన. వీధిలో బండ్లన్నీ అప్పుడే లైట్లు వేసుకుని వెళ్తున్నాయి.

6:10

ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నడిపేటప్పుడు ఫోన్ ఎత్తనని ఒట్టు వేయించుకున్నదాన్ని నేనే. లైట్లు నేనే దాచాను, కారు పక్కకి ఆపండి అని మెసేజ్ టైప్ చేశాను. పంపకుండా చెరిపేశాను. నడుపుతూ చదువుతారేమోనని అనుకున్నాను.

అబద్ధం. తిడతారని భయపడ్డాను.

6:40

తెలియని నంబరు మోగుతోంది. ఎత్తాలి.

జూలై 6

వ్యాను వెనక నుంచి గుద్దింది. కుడి తొడ ఎముక, మూడు పక్కటెముకలు విరిగాయి. ప్రాణానికి భయం లేదని డాక్టరు నాలుగుసార్లు చెప్పాడు, నేను నాలుగుసార్లు అడిగాను కాబట్టి. వ్యాను డ్రైవరు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడుస్తున్నాడు. ఎర్ర వెలుగే కనబడలేదమ్మా, కనబడితే ఆపేవాణ్ని కాదా అన్నాడు. లైట్లు ఎందుకు లేవని పోలీసు అడిగాడు. పోయాయని, రాత్రికి రాత్రే బయల్దేరి వచ్చిన అమ్మాయే చెప్పింది. రాసుకున్నాడు. లైట్లు లేని కారు తీయడానికి నాన్నకి బుద్ధి ఉండక్కర్లేదా అని అది ఏడుస్తూ తిడుతుంటే నేను తలూపాను.

తలూపాను!

జూలై 9

ఇవాళ కూర్చోబెట్టారు. కారు వెనక భాగమంతా నుజ్జునుజ్జయిందట. ఆ లైట్లు పోవడమే మంచిదైంది, ఉండుంటే ముక్కలైపోయేవని నవ్వారు. నవ్వితే పక్కటెముకలు నొప్పి. పెయింటర్ని ఊరికే అన్నానేమో, ఇంట్లోనే ఎక్కడో ఉండుంటాయి, నువ్వొకసారి బాగా వెతుకు అని నా చెయ్యి పట్టుకున్నారు.

వెతుకుతానన్నాను.