పళ్ల మధ్య పట్టే టార్చి

సుగుణక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బొల్లాపల్లిలో నువ్వు చేసిన నర్సు ఉద్యోగమే ఇప్పుడు నేను చేస్తున్నాను. నువ్వు చదవవని తెలిసినా, ఈ సంగతి నీకే చెప్పాలనిపించింది.

పోయిన నెల నరసరావుపేటలో టార్చి కొన్నాను. కొట్టతను కళ్లు చెదిరే వెలుగువి, చార్జింగువి చూపించాడు. నేను ఒక్కోదానికీ చేతిరుమాలు చుట్టి పళ్ల మధ్య పెట్టి చూస్తుంటే, "ఏందమ్మా, అదేమన్నా చెరుకు ముక్కా?" అన్నాడు. నువ్వు టార్చి పళ్లతో పట్టుకుని, ఒక చేత్తో పిల్లల గడ్డం, ఇంకో చేత్తో చెంచా పట్టి గొంతు చూసేదానివి. అందుకే వేలంత టార్చి, ఒక్క పెన్సిల్ సెల్లుతో వెలిగేది తీసుకున్నాను. ఆ సెల్లు ఏ ఊరి కొట్లోనైనా దొరుకుతుంది. నీ చిన్న టార్చి వెనక ఎంత ఆలోచన ఉందో, నేను కొనుక్కునేదాకా నాకు తెలియలేదు.

పోయిన వారం ఒక ఇంట్లో నాలుగేళ్ల పాప జ్వరంతో పడుకుని ఉంది.

"ఉత్త దగ్గేలే అమ్మా, తగ్గిపోద్ది" అంది నాయనమ్మ.

అయినా నీలాగే గొంతు చూశాను. లోపల తెల్లటి పొర కట్టి ఉంది. డిఫ్తీరియా అని అనుమానం వచ్చింది. అప్పటికప్పుడు ఆటో మాట్లాడి, నేనే వెంట ఉండి నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఒక్కరోజు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు డాక్టరు.

ఈ ఉదయం ఆసుపత్రికి వెళ్లి చూశాను. పాప ఇడ్లీ తింటోంది. పక్కన బల్ల మీద కూర్చున్న నాయనమ్మ అడిగింది.

"అట్టా చూడటం నీకెవరు నేర్పారమ్మా?"

నీ పేరు చెప్పాను. ఆవిడ లేచి నిలబడింది.