చీమ తలకాయంత పేరు

అమ్మడూ, పాలు కాచి మూతపెట్టాను. కుళాయి బాగుచేసే అతను వస్తే వంటింటి పంపు చూపించు.

ఎవరికీ తెలియని ఆ భౌతిక శాస్త్రవేత్త మీద నువ్వు తీసిన డాక్యుమెంటరీ పొద్దున్నే చూశాం. క్వాంటం సిద్ధాంతం ఇంత తేలికని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు! శక్తిని విడిగా తూచి ఇవ్వరట, పొట్లాల లెక్కనే ఇస్తారట. మన కొట్లో సబ్బుపొడీ అంతేగా. పాపం, అంత కనిపెట్టినవాడు బోర్డు పెట్టుకోలేదు. పేరంతా పక్కవాడు కొట్టేశాడు. కళ్లు తుడుచుకుంటుంటే చివర్లో నీ పేరొచ్చింది, చీమ తలకాయంత! మీ అమ్మ భూతద్దం తెచ్చుకుని చదివింది. సాయంత్రం పోటీకి పంపేలోగా దాన్ని పెద్దది చెయ్యి.

నాన్న

తా.క. సినిమా మొదట్లో "మా నాన్నకి అంకితం" అన్న అక్షరాలు మాత్రం తలుపంత ఉన్నాయి. అందులో సగం కోసి నీ పేరుకి అతికించు.